మడుగులో జిలేబులు చచ్చిన వేసవి

మా మామ మాట్లాడడన్న సంగతి పెళ్ళిచూపులప్పుడే ఎవరైనా చెప్పి ఉండాల్సింది. నేను తిరుపతిలో పుట్టి పెరిగాను. మా పుట్టింట్లో పంపు నీళ్ళు వచ్చినా, రాకపోయినా, ఎదురింటివాళ్ళ కుక్క తుమ్మినా అరగంట చర్చ జరిగేది. అలాంటిదాన్ని తొంభైల చివర్లో సత్యవేడు దగ్గరి పల్లెకి కోడలిగా వెళ్ళాను. మా ఆయన ఉద్యోగం తిరుపతిలోనే, ఒక లాడ్జిలో. అద్దె ఇల్లు కుదిరేదాకా అంటూ నన్ను వాళ్ళ ఊళ్ళో పెట్టి, తను మా ఊళ్ళో హాయిగా ఉన్నాడు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

ఇంట్లో ఉండేది అత్త, మామ, నేను. మామ బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. జీవితమంతా ఇంజను చప్పుడులో గడిపినందుకో ఏమో, ఇంట్లో నోరు విప్పేవాడు కాదు. అన్నం కావాలంటే కంచం వైపు చూసేవాడు, చాలంటే చేయి అడ్డం పెట్టేవాడు. "పులుసు బాగుందా మామా?" అని అడిగితే తల ఊపేవాడు. ఆ ఊపు అవునో కాదో తెలియక నేను అత్త మొహం చూస్తే, అత్త ఇంటికప్పు చూసేది.

ఆదివారం మాత్రం వేరు. పొద్దున్నే గాలాలు భుజాన వేసుకుని ఏటికి పోయి, పొద్దు వాలేటప్పటికి తిరిగొచ్చి అరుగు మీద కూర్చున్నాడంటే ఇక వరదే. ఏ చేప ఎర కొరికింది, ఏది కొరికినట్టు నటించింది, ఏది గాలాన్ని రాళ్ళ కిందికి లాక్కుపోయింది, అన్నీ చెప్పేవాడు. చేతులు ఊపుతూ, కళ్ళు పెద్దవి చేస్తూ, చేప గొంతు కూడా తనే పెట్టి చెప్పేవాడు. చేపకి గొంతేమిటని నేను అడగలేదు, అడిగితే ఆపేస్తాడని భయం. నేను గుమ్మంలో కూర్చుని నోరు తెరుచుకుని వినేదాన్ని. అత్త బియ్యం చెరుగుతూ విననట్టు వినేది. ఆ ఒక్క సాయంత్రం కోసం నేను వారమంతా ఎదురుచూసేదాన్నంటే నమ్మండి.

మామకి తోడు ఇద్దరు. ఒకాయన బళ్ళో లెక్కల అయ్యవారు, ఏ చేప ఎప్పుడు పడుతుందో లెక్క వేసి చెప్పేవాడు, ఆ లెక్క ఎన్నడూ నిజం కాలేదు. ఇంకొకాయన టైలరు. గాలం దారం ముడి వేయడంలో ఆయన్ను మించినవాడు లేడు, కానీ ఆయన కుట్టిన నా జాకెట్టు మాత్రం నాకెప్పుడూ పట్టలేదు. పట్టిన చేపలు టైలరు ఇంట్లో వండుకుని, ముగ్గురూ అక్కడే తినేవాళ్ళు. మా ఇంట్లో చేప వండేది లేదు. అత్తకి ఆ వాసన పడదు.

పడదంటే అంతా ఇంతా కాదు. పెళ్ళయిన కొత్తలోనే మామకి షరతు పెట్టిందట, ఏటికి పో, కానీ ఒంటి మీద చేప వాసనతో గడప తొక్కొద్దు అని. సబ్బుకి నీచు వాసన పోదనీ, కుంకుడు రసమే మందనీ ఆమె నమ్మకం. అందుకని మామ దంచిన కుంకుడుకాయలు గుడ్డలో మూట కట్టుకుని పోయేవాడు. ఇంటికి బయలుదేరే ముందు మడుగు ఒడ్డున కూర్చుని చేతులు, కాళ్ళు, గాలాలు, చివరికి చెప్పులు కూడా నురగలు వచ్చేట్టు రుద్ది కడిగేవాడు. ఈ సంగతి ఊళ్ళో పాకి, మిగతా ఇద్దరి భార్యలూ అదే షరతు పెట్టారు. టైలరు పెరట్లో కుంకుడు చెట్టు ఉండేది కాబట్టి సరుక్కి కొదవ లేదు.

ఆ ఏడు ఎండలు ముందే ముదిరాయి. ఏరు ఎక్కడికక్కడ తెగిపోయి, వాళ్ళు గాలం వేసే మడుగు ఒక్కటే నీళ్ళతో మిగిలింది, అదీ పెళ్ళిపందిరి వేసే జాగా అంత. చేపలన్నీ అందులోనే చేరాయి. ముగ్గురికీ పండగే అనుకున్నారు. రెండు ఆదివారాలు గడిచేసరికి మడుగులో జిలేబులు చచ్చి తేలడం మొదలైంది. జిలేబి అంటే మిఠాయి కాదు, వీపు మీద ముళ్ళతో అరచేతి వెడల్పు ఉండే చేప. మా వైపు ఏ గుంటలో చూసినా అదే.

సోమవారం పొద్దున మేకలవాళ్ళు చూసి చెప్తే మామ పరుగున పోయి చూసి వచ్చాడు. సోమవారం కదా, మాట్లాడే రోజు కాదు. అయినా అరుగు ఎక్కకుండానే, "తెల్లగా తేలినాయమ్మా, కడుపులు పైకి పెట్టి" అన్నాడు నాతో.

అప్పటినుంచి ముగ్గురూ దర్యాప్తుకి దిగారు. వాళ్ళ హడావుడి చూస్తే జిల్లా కలెక్టరు పంపినట్టే ఉండేది. ముందు అనుమానం ఒడ్డున ఉన్న మామిడితోట రైతు మీద. చెట్లకి కొట్టిన మందు నీళ్ళలో కలిసిందని అయ్యవారు తేల్చాడు. ముగ్గురూ కోపంగా తోటకి పోయారు.

"ఈ ఏడు పూతే రాలేదప్పా, మందు యాడ కొట్టేది? సూడండి, చెట్టుకి ఆకు తప్ప ఏముండాది?" అన్నాడట ఆ రైతు, ఆ తర్వాత మంచినీళ్ళు ఇచ్చి, నిరుటి ఆవకాయ పెట్టి పంపించాడు. నిందించడానికి పోయినవాళ్ళు సీసాలో ఆవకాయతో తిరిగొచ్చారు.

తర్వాత ఎవరో కరెంటు తీగలు పెట్టి చేపలు పడుతున్నారనుకున్నారు. మడుగు చుట్టూ గాలిస్తే తీగ ముక్క కూడా దొరకలేదు. ఆ తర్వాత ఎండకి నీళ్ళు కాగిపోయాయన్నాడు టైలరు. అయ్యవారు బళ్ళోంచి జ్వరం చూసే థర్మామీటరు తెచ్చి నీళ్ళలో ముంచాడు. మడుగుకి జ్వరం లేదని తేలింది. అది విని నేను వంటింట్లోకి పోయి నోట్లో కొంగు కుక్కుకుని నవ్వాను.

పోయిన ప్రతిసారీ చచ్చిన చేపల్ని ఎత్తి చూసేవాళ్ళు, మొప్పలు తెరిచి చూసేవాళ్ళు, కడుపు నొక్కి చూసేవాళ్ళు. కుళ్ళిన చేప కంపు సంగతి తెలిసిందే కదా. దాంతో ఒక మూటకి రెండు మూటల కుంకుడు తెచ్చుకుని, మడుగులోనే మోచేతుల దాకా రుద్దుకుని ఇళ్ళకి వచ్చేవాళ్ళు. మొదట ఆదివారాల తర్వాతే చచ్చేవి. దర్యాప్తు ముదిరాక బుధవారం పోతే గురువారం కూడా చచ్చాయి. "మనం పొయ్యే కొద్దీ ఎక్కువైతాండాదబ్బా, ఎవుడో మనల్ని సూసి పగబట్టినాడు" అన్నాడు అయ్యవారు.

అత్తకి భయం పట్టుకుంది. ఆ నీళ్ళలో ఏదో విషం ఉందనీ, ఈ ముసలాయన రోజూ అందులో కాళ్ళు పెడుతున్నాడనీ. ఒకరోజు అన్నం వడ్డిస్తూనే తేల్చి చెప్పింది.

"వానలు పడేలోపల కారణం తెలిస్తే సరి. తెలీకుంటే ఆ గాలాలు పొయ్యిలోకి పోతాయి. నువ్వు ఏటి దావ పట్టేకి లేదు."

మామ చేయి అడ్డం పెట్టాడు, అన్నం చాలన్నట్టు. నిజానికి ఇంకా మొదటి ముద్దే తినలేదు. గాలాలు పోతే ఆదివారం పోతుంది, ఆదివారం పోతే ఈ ఇంట్లో ఇక మాటన్నదే ఉండదు. ఆ రోజునుంచి మబ్బు కనిపిస్తే చాలు, పోవే పో, అవతల తడ ఊరి మీద పడు అని మనసులో తిట్టుకునేదాన్ని. ఊరంతా వానకి మొక్కుతుంటే, నేనొక్కదాన్నే వద్దని మొక్కాను.

ఆఖరికి అయ్యవారికే ఒక ఆలోచన వచ్చింది. మడుగు నీళ్ళే విషమైతే, ఆ నీళ్ళు తెచ్చి ఇంట్లో పెట్టి, బతికున్న జిలేబుల్ని అందులో వేసి చూస్తే తేలిపోతుంది కదా అని. పాల క్యాన్లతో మోపెడ్ మీద నీళ్ళు మోశారు. అత్త పెళ్ళిళ్ళకి తప్ప కిందికి దించని పెద్ద అల్యూమినియం అండాని, ఆమె గుడికి పోయిన సమయం చూసి నేనే అటక మీదనుంచి దింపి ఇచ్చాను. అందులో మూడు జిలేబులు వేసి పెరట్లో, వేపచెట్టు నీడలో పెట్టాం. అత్త వచ్చి చూసి నా వైపు ఒక చూపు చూసింది. కానీ అండాని ఖాళీ చేయమనలేదు.

జిలేబులు చావలేదు. రోజులు గడిచినా చావలేదు సరికదా, నేను వేసే అన్నం మెతుకులు తిని హుషారుగా తిరిగాయి. ముగ్గురూ వచ్చి అండా చుట్టూ బిక్కమొహాలు వేసుకుని కూర్చునేవాళ్ళు. నీళ్ళు మంచివే, చేపలు మంచివే, మరి మడుగులో చస్తున్నది ఎందుకు?

ఒక సాయంత్రం ముగ్గురూ ఒక్కో చేపను పట్టుకుని మొప్పలు చూసి, మళ్ళీ నీళ్ళలో వదిలారు. ఇంతలో వంటింట్లోంచి అత్త కేక వేసింది. "కాఫీ పెట్నాను. ఆ నీచు చేతుల్తో గ్లాసులు ముట్టుకోవాకండి, కడుక్కోని రాండి."

కుంకుడు మూట చెట్టు కొమ్మకి వేలాడుతూనే ఉంది. మామ దాన్ని అందుకున్నాడు. ఎదురుగా నీళ్ళు ఉన్నాయి. ఏటి ఒడ్డున కూర్చున్నట్టే అండా పక్కన గొంతుక్కూర్చుని, మూట ముంచి, పిండి, చేతులు రుద్దుకుని, అందులోనే జాడించాడు. తర్వాత టైలరు. తర్వాత అయ్యవారు, ఆయన శుభ్రం మనిషి కాబట్టి రెండుసార్లు. ఒక్కరికీ ఆలోచన లేదు. ఏళ్ళ తరబడి అలవాటైన చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. అండా నిండా నురగ తెట్టు కట్టింది.

కాఫీ తాగి తిరిగొచ్చేసరికి జిలేబులు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. చూస్తుండగానే ఒకటి పక్కకి ఒరిగింది. ఇంకొకటి కడుపు పైకి పెట్టింది.

"సచ్చినాయి" అన్నాడు టైలరు.

"ఇన్నాళ్ళూ లేంది ఈ పొద్దే ఎట్ల సచ్చినాయబ్బా?" అన్నాడు అయ్యవారు.

"మామా, నురగ" అన్నాను నేను.

ముగ్గురూ నురగని చూశారు. తమ చేతుల్ని చూసుకున్నారు. మామ చేతులు వాసన చూసుకున్నాడు. ముందు టైలరు ముక్కులోంచి ఒక శబ్దం వచ్చింది, అంతే, అయ్యవారు అండా అంచు పట్టుకుని కూలబడ్డాడు, నేను వేపచెట్టుని వాటేసుకుని నవ్వాను, కళ్ళ నీళ్ళు కారాయి, పక్కింటివాళ్ళు గోడ మీదనుంచి తొంగి చూశారు. మడుగంతా గాలించి దొంగ ఎవడని వెతికింది ఈ ముగ్గురే కదా! మామ నవ్వుని నేను మొదటిసారి విన్నది అప్పుడే. బస్సు ఎత్తు ఎక్కేటప్పుడు గేరు మార్చినట్టు గరగరమని వచ్చింది.

అత్త ఒక్కతే నవ్వలేదు. చేపలవైపు చూసి, కొమ్మకి వేలాడే మూటవైపు చూసి, లోపలికి వెళ్ళిపోయింది.

ఆదివారం వచ్చింది. వానలింకా పడలేదు, కారణం తెలిసిపోయింది, గాలాలు మూలన క్షేమంగా ఉన్నాయి. కానీ మామ వాటిని తీయలేదు. ఒడ్డున కుంకుడు వాడితే నురగ పారని మడుగులోకే చేరి చేపలు చస్తాయి, వాడకపోతే వాసన. అరుగు మీద అటు తిరిగి కూర్చున్నాడు.

"పోలేదా?" అంది అత్త.

మామ తల ఊపాడు. కాదు అనే ఊపు, నాకు అప్పటికి తెలిసిపోయింది.

"వాసనతోనే రా."

"నీకు పడదు గదా" అన్నాడు మామ, మెల్లగా.

"పడదు. వాసన ఒక పూట ఉంటాది, పోతాది. నువ్వు ఏటికి పోకుంటే నోరు తెరవవు. ఆ ఒక్క పొద్దూ లేకుంటే నేనెవురి మాట వినేది?"

నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ ఇంట్లో ఆదివారం కోసం కాచుకుని ఉండేది నేనొక్కదాన్నే అనుకున్నాను. ఆమె నాకంటే ఎన్నో ఏళ్ళ ముందునుంచి కాచుకుని ఉంది.

ఆ సాయంత్రం మామ వీధి మలుపు తిరగకముందే వాసన వచ్చేసింది. గేటు దగ్గర ఆగి, రావచ్చా అన్నట్టు చూశాడు. అత్త చేట పక్కన పెట్టి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, అరుగు మీద కొంచెం జరిగి చోటిచ్చింది.

"ఊ, ఈ పొద్దు ఏం జరిగింది?" అంది కొంగు వెనకనుంచి.