తుపాకీ కాల్చనివాడూ, మా తాతయ్య ఒడిసెలా

ఆ రోజుల్లో హీరో అన్నవాడికి ఒకటే పని, విలన్‌ని చావగొట్టడం. బెజవాడ హాళ్లలో నేల టికెట్టు మీద కూర్చుని ఆ ధర్మశాస్త్రాన్ని కంఠతా పట్టినవాణ్ణి నేను. పదో తరగతి పరీక్షలు రాసి గన్నవరం పక్కన అమ్మమ్మగారి ఊళ్లో సెలవులు గడుపుతుంటే, కేబుల్ టీవీలో ఒక జపాన్ బొమ్మల సీరియల్ నా పాలిట పడింది. అందులో హీరోకి నడుమున మూరెడు తుపాకీ. పరిగెత్తే గుర్రం మీదున్నవాడి టోపీ ఎగరగొట్టేంత గురి. కానీ టోపీతోనే ఆపేస్తాడు, మనిషి జోలికి పోడు. ఎవరినీ చంపనని ఒట్టు పెట్టుకున్నాడట. ఎవడు పెట్టుకోమన్నాడండీ ఆ ఒట్టు? అలాంటప్పుడు చేతికర్ర పట్టుకుని తిరగొచ్చుగా. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నాకంటే తాతయ్యకి ఎక్కువ మండేది. మాటలన్నీ ఇంగ్లీషు కాబట్టి నాకు తెలిసిన ముక్కలతో నేనే కథ చెప్పేవాణ్ణి (సగం నా సొంత కవిత్వం). "ఊరు తగలబెట్టినోడు ఎదురుగా నిలబడితే ఇంకా ఆ నసుగుడేంట్రా? తుపాకీని మొలతాడనుకున్నాడా ఏంటి?" అని తాతయ్య పడక్కుర్చీలోంచి లేచి కూర్చునేవాడు. మామయ్య కొడుకు, నాకు బావ వరస, గోడకి ఆనుకుని నవ్వేవాడు. "వాడు కాల్చడు తాతయ్యా. కావాలంటే పందెం." నాకు రోషం పొడుచుకొచ్చింది. "ఇవాళ కాలుస్తాడు. కాల్చకపోతే రేపు సాయంత్రం నీ వంతు చేను కాపలా నేను కాస్తా" అనేశాను. ఆ మర్నాడే ఆఖరి భాగమని నాకు తెలుసు. అయినా అన్నాను. హీరో మీద నాకంత నమ్మకం.

ఆ హీరో పెద్దమనిషి తుపాకీ తీశాడు, గురిపెట్టాడు, కాల్చాడు. విలన్ బెల్టు తెగి ప్యాంటు జారింది. ప్రాణం మాత్రం ఉన్నచోటే ఉంది.

మర్నాడు సాయంత్రం అందరూ టీవీ ముందు చేరుతుంటే నేను జొన్నచేలో మంచె ఎక్కాను. వరి కోసాక వేసిన జొన్న, కంకులు పాలుపోసుకున్నాయి. చేతిలో ఒడిసెల, అంటే మధ్యలో రాయి పెట్టి తలపైన గిరగిరా తిప్పి విసిరే తాడు. తాతయ్య రూలు ఒకటే. "పిట్టల తలమీదుగా వెయ్యి. పిట్ట లేవాల, పిట్టకి తగలకూడదు. తగిలిందా, నీకు అన్నం లేదు." ఆ రోజు నాకు రూళ్లు వినే ఓపిక లేదు. మగాడన్నవాడు ఎలా కొడతాడో ఇవాళ చూపిద్దామనుకున్నాను. ఒక రామచిలక సరిగ్గా నా ఎదుట కంకి మీద వాలింది. గింజ నోట్లో పెట్టుకుని, మెడ వంచి, నన్నే చూస్తూ నమిలింది. ఎంత పొగరో దానికి. ఒడిసెల తిప్పాను. ఒకసారి, రెండుసార్లు, పదిసార్లు తిప్పాను. రాయి వదిలాను. అది చిలకకి రెండు బారల ఎత్తున పోయి ఎక్కడో పడింది. మందంతా లేచి వెళ్లిపోయింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

చీకటి పడుతుండగా తాతయ్య గట్టు మీద విసవిసా నడుచుకుంటూ వచ్చాడు. "ఆఖర్న కూడా కాల్చలేదురా ఆ సన్నాసి" అన్నాడు, రొప్పుతూ. "ఎదురుగా నిలబెట్టి, వదిలేశాడు. ఇలాంటోళ్లకి తుపాకులు ఎవడిస్తాడో."

నా కోపానికి దారి దొరికింది. "అరవై ఏళ్లుగా ఒడిసెల తిప్పుతున్నావు. నువ్వొక్క పిట్టనైనా కొట్టావా తాతయ్యా?"

తాతయ్య నా చేతిలో ఒడిసెల తీసుకుని జాగ్రత్తగా చుట్టి భుజాన వేసుకున్నాడు.

"పిట్టలు మన ఊరు తగలబెట్టలేదు కదరా" అన్నాడు, కాస్త మెల్లగా.

నలభైకి దగ్గరపడ్డాక మొన్న ఆ ఆఖరి భాగం ఫోనులో దొరికింది. ఒక్కణ్ణే కూర్చుని చూశాను. "కాల్చరా" అని పైకే అరిచాను. కాల్చలేదు. అంత కోపంలోనూ చూసుకుంటే, నా కుడిచెయ్యి తలపైకి లేచి ఉంది, రాయిని రెండు బారల ఎత్తున వదలడానికి.