నాకు వినపడని తేనెపిట్ట

ఆ రోజుల్లో ఊరికే వచ్చేది ఏదీ ఊరికే రాదని నాకు గట్టి నమ్మకం. మా మగ్గాల ఊళ్లో ధామన్‌కర్ నాకా కూడలి దగ్గర ఉచిత కంటి పరీక్ష అంటే వెళ్లి, అద్దాలు కొనుక్కొచ్చినవాణ్ణి (నా చూపు అప్పుడూ ఇప్పుడూ భేషుగ్గా ఉంది). అందుకే పెళ్లయిన కొత్తలో మా ఆవిడ, ఆదివారం పొద్దున టెంఘర్ అవతలి తోటలో ఎవరో సారు ఫుకట్‌లో పిట్టల్ని చూపిస్తాడట అనగానే నా అనుమానం ఒళ్లు విరుచుకుంది.

"పిట్టల్ని సూపిస్తె ఆయనకేం ఫాయిదా?" అన్నాను.

"నన్ను ఏం ఫాయిదా సూసి చేస్కున్నవ్?" అంది. చొక్కా తొడుక్కున్నాను.

తోటలో మేం పదిమందిమి. దారి చూపే ఆయనకు తలమీద టోపీ, మెడలో దుర్భిణీ, భుజాన సంచి. ఆ సంచిలోంచి ఏ క్షణాన ప్లాట్ల కాగితాలు తీస్తాడోనని పిట్టలకన్నా దానిమీదే కన్నేసి నడిచాను. ఒక పూలచెట్టు కింద ఆగి వేలెత్తాడు. "తేనెపిట్ట. ఆవాజ్ సునో," అన్నాడు. అందరూ కళ్లు మూసుకుని మురిసిపోతున్నారు. నాకు ఆకుల గలగల తప్ప ఏమీ వినిపించలేదు. అప్పుడర్థమైంది, వీళ్లంతా ఆయన మనుషులే! పక్కకు చూస్తే మా ఆవిడ కూడా నవ్వుతోంది. ఆమె చెవిలో రహస్యంగా, "పిట్ట లేదు, గిట్ట లేదు! అందరు కలిసి ఉల్లు బనాయిస్తుండ్రు!" అన్నాను. పదహారో ఏటినుంచి కనేరిలో మా మేనమామ సాంచాల, అదే కరెంటు మగ్గాల, హోరు మధ్య పనిచేసినవాడి రహస్యం అది. రెండు చెట్ల కాకులు లేచాయి. వాటితోపాటు, నా ముక్కు ముందునుంచే, బొటనవేలంత ఊదారంగు పిట్ట ఒకటి తుర్రుమంది.

అందరూ నవ్వారు, మా ఆవిడ తప్ప.

"నీకు నిజంగనే ఇనవడలేదా?" అంది మెల్లగా. "మా బాపు గూడ సాంచాల మీదనే పనిచేసిండు, ఆయనకు గిట్లనే షురువయ్యింది. ముందుగాల పిట్టలు పోయినయ్, ఎనుక కుక్కర్ సీటీ పోయింది. ఇప్పుడు మేం పిలిచినా పలుకడు."

నాకు ఇరవైనాలుగేళ్లు. చాలా భయం వేసింది.

అంతలో పిట్ట మళ్లీ అదే పూవుమీద వాలింది. ముక్కు తెరుస్తోంది, మూస్తోంది, చప్పుడు మాత్రం లేదు. మా ఆవిడ నా అరచెయ్యి పట్టుకుని గోరుతో టకటకా మూడుసార్లు, ఆగి ఒకసారి కొట్టింది. "గిట్ల అంటుంది," అంది. సాంచాల హోరులో మేం పనివాళ్లం మాట్లాడుకునేదీ చేతులతోనే కాబట్టి తక్షణం అర్థమైంది. (టోపీ సారు సంచిలోంచి చివరికి వచ్చినవి బిస్కెట్లు. రెండు తిన్నాను, సిగ్గుపడుతూనే.)

మర్నాటినుంచి చెవుల్లో దూది పెట్టుకుని పనికి వెళ్లాను. రాత్రింబవళ్లు నూలు మధ్య బతికిన వాళ్లం, ఇంత దూది చెవిలో పెట్టుకోవాలని ఒక్కరికీ తోచలేదు. మామ నవ్వాడు, నవ్వనీ అనుకున్నాను. ఉన్న వినికిడి నిలిచింది గానీ పోయిన పిట్ట తిరిగి రాలేదు.

ఇప్పటికీ కొన్ని ఆదివారాలు ఆ తోటకు వెళ్తాం. ఆమె నా అరచేతిలో కొడుతూ ఉంటుంది. ఒక్కోసారి కొమ్మ ఖాళీగా కనిపిస్తుంది, పిట్ట లేకుండానే కొడుతోందేమోనని నా పాత అనుమానం లేస్తుంది. అడగను. చెయ్యి మాత్రం తెరిచే ఉంచుతాను.