జూన్ దాకా జట్టు

సూర్యప్రకాశరావుకి మొదట్లో బేస్‌బాల్ అంటే ఓనమాలు కూడా తెలియవు. అమెరికాలో, ఫ్రిస్కోలో ఆయన పనిచేసే ఆఫీసులో ఏటా పది మంది కలిసి ఫాంటసీ లీగ్ ఆడేవారు. నిజం ఆటగాళ్ళను తలా కొంతమందిని తమ జట్టులోకి ఎంచుకోవడం, వాళ్ళు మైదానంలో ఎంత బాగా ఆడితే ఇక్కడ తమకు అన్ని పాయింట్లు రావడం, అంతే ఆట. ఒక ఏడు పదో మనిషి దొరక్క మేనేజరు ఆయన్ని అడిగాడు. కాదనలేక చేరాడు. క్రికెట్ అలవాటు కొద్దీ జట్టుకి ‘రాజమండ్రి ఎలెవెన్’ అని పేరు పెట్టాడు.

ఇంటికి వచ్చాక తొమ్మిదేళ్ళ కూతురు అవని ఆయన ఫోన్‌లో ఆ పేరు చూసింది.

“నాన్నా, బేస్‌బాల్‌లో నైన్ మందే ఆడతారు.”

“మార్చేస్తాలే.”

“వద్దు. ఫన్నీగా ఉంది, ఉండనీ.”

పేరు ఉండిపోయింది. జట్టు మాత్రం అవని చేతిలోకి వెళ్ళిపోయింది. ఎవరిని తీసుకోవాలి, ఎవరిని వదిలేయాలి, అన్నీ తనే చెప్పేది. ఆ లీగ్‌లో ఒక ఆనవాయితీ ఉంది. మార్చి నెలలో, సీజన్ మొదలయ్యే ముందు, ప్రతివాళ్ళూ తమ జట్టుకి ఆ ఏడాది ఎలా గడవబోతోందో గ్రూపులో రాయాలి. మిగతావాళ్ళు గొప్పలు పోతూ నాలుగు ముక్కలు గిలికేవారు. రాజమండ్రి ఎలెవెన్ సంగతి వేరు. అవని కుర్చీలో ఒక కాలు మడిచి కూర్చుని నెల నెలా చెప్పుకుంటూ పోతుంటే ఆయన టైపు చేసేవాడు. ఏప్రిల్ చలికి బంతి విసిరే ఫలానా పిచర్ చేయి తొందరగా సాగదు, జూలై ఎండల్లో బంతి ఇంకాస్త దూరం పోతుంది కాబట్టి ఫలానావాడు విజృంభిస్తాడు, ఇలాగ. భార్య సుధ వేసిన అట్లు పళ్ళెంలోనే చల్లారిపోయేవి. ఆఫీసులో ఆ రాత కోసం ఎదురుచూసేవాళ్ళుండేవారు.

ఆయన సహజంగా మితభాషి. కూతురితో మనసు విప్పి మాట్లాడింది ఏమైనా ఉంటే, ఆ జట్టు గురించే.

ఈ ఏడాది అవని కాలేజీలో మూడో సంవత్సరం. జూన్‌లో ఇరవై ఒకటి నిండుతుంది. మూడేళ్ళ పిల్లగా ఈ దేశం వచ్చింది, తండ్రి ఉద్యోగ వీసా హెచ్1బి మీద ఆధారపడిన వీసాతో. ఇరవై ఒకటి నిండితే ఆ వీసా చెల్లదు. ఈలోగా గ్రీన్‌కార్డు వచ్చేస్తుందని ఆయన ఏటా అనుకుంటూ వచ్చాడు. క్యూ కదల్లేదు. స్టూడెంట్ వీసాకి మార్పించుకుందామని పెట్టిన అప్లికేషన్‌ని ఫిబ్రవరిలో తిరస్కరించారు. లాయర్‌ని అడిగితే, పుట్టినరోజు లోపు దేశం దాటి ఉండటమే మంచిదన్నాడు. అవని ఎవరికీ చెప్పకుండా టొరంటోలో ఒక యూనివర్సిటీకి అప్లై చేసుకుంది. సీటు వచ్చాకే ఇంట్లో చెప్పింది.

మార్చిలో ఒక శనివారం పొద్దున అలవాటు ప్రకారం ఇద్దరూ కూర్చున్నారు.

“ఏప్రిల్‌లో మనం స్లోగా స్టార్ట్ అవుతాం,” అంది అవని. “లెఫ్టీ పిచర్ రెడీగా లేడు. మే సెకండ్ వీక్ నుంచి పికప్ అవుతాం. జూన్‌లో థర్డ్ ప్లేస్.”

ఆయన టైపు చేశాడు. “ఊఁ, జూలై?”

అవని మడిచిన కాలు కిందికి దించుకుంది.

“జూలై ఎలా ఉంటుందమ్మా?”

“అది నువ్వు రాసుకో, నాన్నా.”

“నాకేం తెలుసు?”

“నాకూ తెలీదు.”

ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాడాయన. “అక్కడా ఇంటర్నెట్ ఉంటుందిగా. అక్కణ్ణించి చూసుకోవచ్చు.”

“నేను టీమ్ గురించి చెప్పట్లేదు.” గొంతులో కోపం లేదు. “నాకు ఈ ఊరు తప్ప ఇంకేం తెలీదు నాన్నా. టెన్త్ గ్రేడ్‌లో అడిగాను నిన్ను, నేను ఏమవుతాను అని. వెయిట్ చేద్దాం అన్నావ్. చేశాను.”

స్టవ్ దగ్గర సుధ వెనక్కి తిరగలేదు. ఆయన స్క్రీన్ వైపే చూస్తూ కూర్చున్నాడు. అవని కోప్పడినా బాగుండేది, దేనికో ఒకదానికి బదులు చెప్పుకునేవాడు. కాసేపటికి అవని లేచి లోపలికి వెళ్ళింది.

జూన్ దాకా రాసింది రాసినట్టే గ్రూపులో పెట్టేశాడు. మిగతా సగం ఏదని మేనేజరు నవ్వుతూ అడిగితే, తర్వాత రాస్తానన్నాడు. ఆఫీసులో ఎవరికీ ఏమీ చెప్పలేదు.

జూన్ మొదటి వారంలో అవని వెళ్ళిపోయింది. వెంట వెళ్ళి దిగబెట్టి వద్దామంటే వీళ్ళిద్దరి కెనడా వీసాలు ఇంకా రాలేదు. ఎయిర్‌పోర్టులో సుధ పచ్చళ్ళ సీసాల గురించి జాగ్రత్తలు చెబుతూనే ఉంది. ఆయన సూట్‌కేసు తోసుకుంటూ నడిచాడు. సెక్యూరిటీ దగ్గర అవని సూట్‌కేసు అందుకుని, “ఇంక ఇక్కడ్నుంచి నిన్ను రానివ్వరు నాన్నా,” అంది.

కొన్నాళ్ళు ఆయన రోజూ జట్టు సర్దాడు. షార్ట్‌స్టాప్‌లో ఆడేవాడికి మోకాలు నొప్పిట, బదులు ఎవరిని పెట్టను అని మెసేజ్ పెట్టేవాడు. మర్నాటికి జవాబొచ్చేది, “నీ ఇష్టం నాన్నా.” తర్వాత తర్వాత బొటనవేలు బొమ్మ ఒక్కటే వచ్చేది. అక్కడ రూమ్‌మేట్లు, పార్ట్‌టైమ్ పని, మళ్ళీ మొదట్నుంచి చదవాల్సిన సబ్జెక్టులు. ఆ పిల్ల తప్పేమీ లేదు. ఆగస్టులో ఆయన కూడా యాప్ తెరవడం మానేశాడు. దెబ్బలు తగిలి మంచం ఎక్కిన ఆటగాళ్ళు జట్టులో అలాగే ఉండిపోయారు. సెప్టెంబరుకల్లా రాజమండ్రి ఎలెవెన్ అట్టడుగుకు చేరింది.

వచ్చే ఏడాదికి ఉంటున్నావా అని మేనేజరు అడిగితే, ఇంకెవరినైనా చూసుకోమన్నాడు. ఆ మాట ఇంట్లో చెబితే సుధ ఒప్పుకోలేదు.

“పిల్లకి మీతో మాట్లాడ్డానికి ఉన్నది అదొక్కటేగా. అదీ తీసేశారా?”

“పిల్ల చూడట్లేదు సుధా.”

“మీకెలా తెలుసు?”

ఆయనకి తెలియదు. అడగలేదు కూడా.

ఆ ఆదివారం అవని ఫోన్ చేసింది. తల్లితో చాలాసేపు మాట్లాడాక ఫోను ఆయన చేతికి వచ్చింది.

“టీమ్ ఎలా ఉంది నాన్నా?”

“బాగానే ఉందమ్మా.”

జట్టు ఆమె ఫోన్‌లో కూడా ఉంది. తెరిస్తే కనిపిస్తుంది. చూసి అడుగుతోందో, చూడకుండా అడుగుతోందో ఆయనకి అంతుపట్టలేదు.

“అక్కడ చలి మొదలైందా?” అన్నాడు.

“ఇంకా లేదు.”

ఆయన ఫోను మళ్ళీ సుధకి ఇచ్చాడు.