నూనె డబ్బా రేకు అతికిన పడవ

ఇంట్లో కూర్చునే సంపాదించేదాన్నని నన్ను మెచ్చుకునేవాళ్ళంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది నాకు. ఏం చేసి సంపాదించానో వాళ్ళకేం తెలుసు! గుడివాడలో కొన్నాళ్ళు కంప్యూటర్ నేర్చుకుని, ఒక డిజిటల్ కెమెరా కొనుక్కుని, బందరులో మా ఇంటి ముందుగదిని స్టూడియో చేశాను. రీలు ఖర్చు లేదు, బాగా రాకపోతే చెరిపెయ్యొచ్చు. మొటిమలు తీసేసేదాన్ని, మెల్లకన్ను సరిచేసేదాన్ని, పెళ్ళికి రాని తోడికోడల్ని కూడా తెచ్చి ఫోటోలో నిలబెట్టేదాన్ని. చెయ్యి తిరిగిందని తెగ మురిసిపోయాను.

ఆ ఏడు వచ్చిన తుఫానుకి పక్కనే ఉన్న గిలకలదిండి రేవులో పడవలు చాలా దెబ్బతిన్నాయి. పడవ పోయినవాళ్ళకి గవర్నమెంటు వాళ్ళు సాయం ఇస్తామన్నారు. పగిలిన పడవ పక్కన యజమాని తన పేరు రాసిన పలక పట్టుకుని నిలబడాలి, ఆ ఫోటో దరఖాస్తుకి అంటించాలి.

మా వీధికి రోజూ చేపలు తెచ్చే ఆవిడ గుమ్మం ముందు తట్ట దించి అడిగింది. "అమ్మగారూ, మా పడవ కాడికొచ్చి ఓ ఫోటో తీసిపెడతారా? ఆ సాయం వస్తే బాగుచేయించుకుంటాం. లేదంటే పొయ్యిలో పెట్టుకోడమే."

వెళ్ళాను. పడవ ఇసుకలో ఒరిగి ఉంది. ఒక పక్క చెక్కలు లేచిపోయి డొక్క బయటపడింది. ముక్కు దగ్గర ఎప్పుడో నూనె డబ్బా రేకుతో వేసిన అతుకు మాత్రం అలాగే ఉంది. పలక మీద పేరు నేనే రాసిచ్చాను. పలక ఆవిడ పట్టుకుంది, వాళ్ళాయన పడవ అంచు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

ఆఫీసుల చుట్టూ తిరిగి జనం పనులు చేయించి బతికే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు, మావారికి స్నేహితుడు. కాఫీకి వచ్చి, నా కంప్యూటర్లో ఆ ఫోటో చూశాడు.

"అబ్బ! ఎంత బాగా విరిగింది చెల్లెమ్మా!" అన్నాడు.

ఆ మాటకే లేచి కాఫీ గ్లాసు లాక్కోవాల్సింది. లాక్కోలేదు.

"పాపం, కొందరి పడవలు మొత్తానికే మునిగిపోయాయి. లేని పడవ పక్కన ఎలా నిలబడతారు చెప్పు? వాళ్ళని ఈ పడవ పక్కన పెట్టు. పుణ్యం ఉంటుంది" అన్నాడు.

ముందు ఆ మొగుడూ పెళ్ళాల్ని చెరిపెయ్యాలి. అదెంతసేపు! పడవ అంచు మీద ఆయన చెయ్యి దగ్గర మాత్రం కాస్త ఇబ్బంది పడ్డాను. మొదట వచ్చిన ఇద్దరూ నిజంగానే పడవలు పోయినవాళ్ళు. బీదవాళ్ళకి సాయం చేస్తున్నానని నాలో నేనే పొంగిపోయాను. ఛీ, నా మొహం! మూడో మనిషితో అసలు సంగతి బయటపడింది.

వాడు గుడివాడ నుంచి స్కూటర్ మీద దిగాడు. సముద్రం ఏ వైపు ఉందో కూడా తెలియని వాడు. ఒళ్ళంతా సెంటు వాసన. పెరట్లో గోడ ముందు నిలబెట్టాం. పెద్దమనిషి వాడి చొక్కా విప్పించి, లుంగీ ఎగ్గట్టించి, మా కుళాయి కింది బురద కాళ్ళకి పూసుకోమన్నాడు. వాడు రెండు వేళ్ళతో బురద ముట్టుకుని, "వీళ్ళు దీంట్లో ఎలా బతుకుతారండీ బాబూ!" అని ముక్కు చిట్లించాడు. అది విని నేనేం చేశాను? ఆ బురద కాళ్ళని శుభ్రంగా కత్తిరించి పడవ పక్కన ఇసుకలో దించాను. వాడి వేలికున్న ఉంగరం చెరిపింది నేనే. వాడి ఒంటికి ఎండకి కమిలిన రంగు పట్టించింది నేనే. వాడి తరవాత ఇంకా వచ్చారు. ఫోటోకి ఇంతని పెద్దమనిషి ఇచ్చిన డబ్బుతో కొత్త ప్రింటర్ కొన్నాను.

పెద్దమనిషి తెచ్చిన దరఖాస్తుల కట్టలన్నీ ముందే ఆఫీసు లోపలికి వెళ్ళి సంతకాలైపోయాయి. చేపలావిడ బేరం మానుకుని, వరసలో నిలబడి, అందరికన్నా ఆఖర్న వెళ్ళింది. మధ్యాహ్నం మా గుమ్మంలో కూలబడింది.

"రేకు అతుకు చూసి నవ్వాడమ్మగారూ ఆ ఆఫీసరు. ఈ పడవకి ఎంతమంది మొగుళ్ళే అన్నాడు. దొంగ ఫోటో అంట! పరపరా చింపేశాడు. మీరొకసారి వచ్చి చెప్పండి, మీరే తీశారని. చదువుకున్నవారు, మీ మాటైతే నమ్ముతారు."

"రేపు వస్తాలే" అన్నాను.

ఆవిడ గేటు దాటగానే తలుపేసుకుని, పడవ కనిపించిన ప్రతి ఫోటో చెరిపేశాను. ఎవరైనా వచ్చి కంప్యూటర్ తెరిపిస్తారేమోనని భయం. ఆవిడ మాట నిజమని చూపించే అసలు ఫోటో కూడా వాటితోనే పోయింది. మర్నాడు జ్వరమని చెప్పించాను. ఆ మర్నాడూ అదే. మూడో రోజు నుంచి ఆవిడ అడగలేదు. పిరికిదాన్నని ఒప్పుకుంటున్నాను, ఇప్పుడు ఒప్పుకుని ఎవరిని ఉద్ధరించాలి?

కొన్ని నెలలకి మళ్ళీ తట్టతో వచ్చింది. "ఇవి మా వేట కాదమ్మగారూ, వేలంపాటలో కొనుక్కొచ్చినయ్యి. మా ఆయన కూలికి వేరేవాళ్ళ పడవెక్కుతున్నాడు." పడవని కొట్టి వంటచెరుకు చేసుకున్నారట. "ఆ ఫోటో ఒకటి ఇస్తారా? గోడకి పెట్టుకుంటాం. మా పడవ మొహం చూసుకోడానికి ఇంకేం లేదు" అంది.

వెతికితే, ఆ రోజు నా కంట పడకుండా వేరే ఫోల్డరులో ఒక్కటే మిగిలింది. గుడివాడ వాడిది. వాడినీ, వాడి పలకనీ, బురద కాళ్ళనీ చెరిపేశాను. వాడు నిలబడ్డ చోట ఇసుక పరిచాను, చెక్కలు అతికాను. అంత శ్రద్ధగా ఏ పనీ చెయ్యలేదు నేను. కొత్త ప్రింటర్ మీద పెద్ద సైజులో తీసి ఇచ్చాను. డబ్బు వద్దన్నాను కూడా, మహా ఉదారంగా.

తడి చేతులు కొంగుకి తుడుచుకుని అందుకుంది. రేకు అతుకు మీద వేలుపెట్టి నిమిరింది. తరవాత పడవకి ఆ పక్కా ఈ పక్కా చూసింది. ఫోటో వెనక్కి తిప్పి కూడా చూసింది.

"మరి మేమేరి అమ్మగారూ?" అంది.