ఆల్చిప్పలకు అప్పజెప్పిన పని

మా ఆయనకు తనంతట తాను నడవని వస్తువంటే గిట్టదు. ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసే మనిషి. "ఒకసారి స్విచ్చి వేశాక మళ్ళీ మనిషి చెయ్యి పడకూడదు, అదీ మెషినంటే" అంటారు. ఫ్రిజ్‌కి ఆ మాట చెల్లుతుందేమో గానీ, ఇల్లంతటికీ అంటగడితే నా తలప్రాణం తోకకొస్తుంది. వంటింటి తలుపుకి స్ప్రింగు బిగించారు. అది తనంతట తానే మూసుకుంటుంది, చేతిలో గిన్నెతో వెళ్ళేవాళ్ళ మడమ మీద కొట్టి మరీ మూసుకుంటుంది. పూలకుండీలకు తనంతట తానే నీళ్ళు పోసే గొట్టం పెట్టారు. అది కింది వాటా వాళ్ళ పరుపుక్కూడా నీళ్ళు పోసింది. వాళ్ళ దగ్గరికి వెళ్ళి తలవంచుకుని నిలబడింది నేను. మా అత్తగారు మాత్రం, స్ప్రింగు దెబ్బకు వాచిన మడమకు తైలం రాసుకుంటూ కూడా, "వాడి బుర్రే బుర్ర" అని మురిసిపోతారు.

అలాంటి మనిషి ఒకసారి, ఖాళీ చేస్తున్న ఆఫీసులో ఏసీలు విప్పడానికి వెళ్ళి, వాళ్ళు వదిలేసి పోతున్న ఉప్పునీటి చేపల తొట్టిని వ్యానులో వేసుకొచ్చారు. మా ముందుగదిలో సగం అదే. అందులో రెండు నారింజరంగు చేపలు, ఒక పసుపు చేప. అందంగా ఉంటాయి, కాదనను. మా అత్తగారు తన కుర్చీని తొట్టి పక్కకు జరిపించుకుని, పసుపు చేపకు పెద్దమ్మాయి అని పేరు పెట్టారు.

ఆ అందం వెనకాల ఉన్న చాకిరీ మాత్రం ఎవరికీ కనపడదు. ఉప్పు కొలిచి నీళ్ళలో కలపాలి. అది బాగా కరిగేదాకా ఆగాలి. తొట్టిలో పాత నీళ్ళు గొట్టంతో రంగు డబ్బాలోకి తోడి, ఆ డబ్బాని నడవా చివరున్న స్నానాలగది దాకా మోసి పారబోయాలి. మళ్ళీ కొత్త నీళ్ళు మోసుకొచ్చి పోయాలి. వారం వారం ఇదే తంతు. స్విచ్చి ఆయనది, డబ్బా నాది. గోడలకు వేసే రంగు వచ్చే పెద్ద డబ్బా అది. దాని తీగ అరచేతిని కోసేస్తుంది. చివరికి నా నడుం పట్టేసింది. బరువులెత్తొద్దన్నాడు డాక్టరు. నేను గొంతెమ్మ కోరికలేం కోరలేదు. ఆదివారం ఒక్క పూట ఆ డబ్బా మీరు మొయ్యండి అన్నాను, అంతే.

సరే అంటే సరిపోయేది. ఆయన ఆలోచనలో పడ్డారు. ఆయన ఆలోచించడం మొదలుపెడితే నాకు గుండెల్లో రాయి పడుతుంది.

"అసలు నీళ్ళు ఎందుకు మారుస్తున్నాం? మురికవుతున్నాయి కాబట్టి. మురికే కాకుండా చేస్తే?"

"చేద్దురుగాని. ముందు ఈ డబ్బా పట్టుకోండి."

"బతికున్న ఆల్చిప్పలు వేద్దాం! అవి నీళ్ళు లోపలికి పీల్చి, మురికి తినేసి, శుభ్రమైన నీళ్ళు బయటికి వదుల్తాయట. కరెంటు అక్కర్లేదు, స్పేర్ పార్టులు అక్కర్లేదు. దేవుడు చేసిన ఫిల్టరు!"

చేపల కొట్టుకు నన్నూ తీసుకెళ్ళారు. కొట్టతను నీళ్ళలోంచి ఆల్చిప్పలు ఏరుతూ చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. "ఇవి నీళ్ళలో తేలే నలుసులు తింటాయి సార్. అంతేగానీ తొట్టి మొత్తం ఇవే చూసుకుంటాయనుకోకండి. ఫిల్టరు ఆడాల్సిందే, నీళ్ళు మార్చాల్సిందే. నలుసులు చాలకపోతే వీటికి వేరే తిండి కూడా వెయ్యాలి." మా ఆయన తలూపారు. ఆయన తల ఊపడం వేరు, వినడం వేరు. పెళ్ళయిన కొత్తలో నాకా తేడా తెలిసేది కాదు. రోడ్డు మీదికి రాగానే, "విన్నావా, నలుసులు తింటాయట" అన్నారు. మిగతాదంతా కొట్లోనే వదిలేసి వచ్చారు.

ఆల్చిప్పలు ఇసకలోకి దూరిపోయాయి. వాటి నోళ్ళు మాత్రం చిన్న గొట్టాల్లా పైకి కనిపించేవి. నాలుగు రోజులు తిరక్కుండా నీళ్ళు అద్దంలా తేరుకున్నాయి. మా ఆయన కాలు నేల మీద నిలవలేదు. వచ్చినవాళ్ళందరికీ చూపించారు. ఆ ఊపులో ఒకరోజు వెళ్ళి తొట్టితో పాటు వచ్చిన కరెంటు ఫిల్టరు ప్లగ్గు పీకేశారు.

"అదేంటండీ! ఫిల్టరు ఆడాలన్నాడు కదా?"

"ఒక పనికి ఇద్దరెందుకు? పాపం దాన్నీ కాస్త రెస్టు తీసుకోనీ."

ఫిల్టరు మీద ఎంత జాలో! "మరి వాటికి తిండి?" అన్నాను.

"మురికే తిండి."

"నీళ్ళు ఇంత తేటగా ఉంటే ఇక మురికెక్కడుంది?"

"నువ్వు ప్రతిదానికీ అడ్డం పడతావ్" అన్నారు. మా అత్తగారు ముసిముసిగా నవ్వారు. ఆయన నీళ్ళు మార్చడం కూడా మాన్పించారు. డబ్బా ఎత్తే పని తప్పి నా నడుం కాస్త తెరిపిన పడింది, ఆ మాట దాచను. అయినా ఆయన తెలివి మీద నాకున్న నమ్మకం కొద్దీ, ఉప్పునీళ్ళు కలిపి పీపా నింపి ఉంచాను.

ఒక మధ్యాహ్నం ముందుగదిలోంచి అత్తగారు కేకేశారు. "అమ్మాయ్! పెద్దమ్మాయి పైకొచ్చి నోరు తెరుస్తోంది!" నేను పరుగున వెళ్ళేసరికి కంపు ముక్కు బద్దలు కొట్టింది. నీళ్ళు పాలు కలిపినట్టున్నాయి. మూడు చేపలూ పైకొచ్చి ఎగపోస్తున్నాయి. ఫోన్ చేస్తే మా ఆయన చేస్తున్న పని ఆపేసి వచ్చారు. వస్తూనే చెయ్యి ఇసకలో పెట్టి ఒక ఆల్చిప్పను తీశారు. నోరు తెరుచుకుని, లోపలంతా కుళ్ళిపోయి ఉంది. ఏది తీసినా అంతే. తినడానికేమీ లేక ఎప్పుడు చచ్చాయో ఏమో.

కొట్టతనికి ఫోన్ చేశారు. "సగం నీళ్ళు ఇప్పటికిప్పుడే మార్చండి సార్. ఫిల్టరు ఆడుతోంది కదా?" అన్నాడతను. మా ఆయన నా వంక చూడకుండా వంగి ప్లగ్గు పెట్టి, "ఆడుతోంది" అన్నారు.

అలవాటు కొద్దీ డబ్బా అందుకోబోయాను. నడుం కలుక్కుమంది. అక్కడే నేల మీద చతికిలపడ్డాను. ఇక ఆయనకు గత్యంతరం లేకపోయింది. నీళ్ళు తోడి, నిండిన డబ్బా ఎత్తి నడవాలోకి వెళ్ళారు. సగం దూరంలో కింద పెట్టి చెయ్యి మార్చుకున్నారు. వెళ్ళొచ్చి రెండోది ఎత్తారు. మళ్ళీ అక్కడే ఆగారు. అరచెయ్యి చూసుకుంటూ వెనక్కి తిరిగారు.

"ఏసీలో ఇంత బరువున్న భాగమైతే మేం ఇద్దరం పట్టుకుంటాం. ఇన్నాళ్ళూ ఇది నువ్వే మోశావా?"

"లేదండీ. ఆల్చిప్పలు మోశాయి."

"ఇంత బరువని నాతో చెప్పలేదేం? నడుం నొప్పని చెప్పావు, డబ్బా ఇంత బరువని ఎప్పుడన్నా అన్నావా?"

వెటకారం కాదు. నిజంగానే అడుగుతున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈలోగా కుర్చీలోంచి అత్తగారు అందుకున్నారు.

"అది చెప్పిందిరా. వారం వారం చెప్పింది. నేనిక్కడే కూర్చుని వింటూనే ఉన్నాగా."

ఆయన ముఖం చిన్నబోయింది. నేను ఆయన వంక చూడలేదు, అత్తగారి వంక చూశాను. ఆవిడ నా చూపు తప్పించుకుని తొట్టి వైపు తిరిగారు. విని కూడా ఒక్క మాట అనలేదన్నమాట! ఈ ఇంట్లో నా మాట ఎవరికీ వినపడదనుకునేదాన్ని. అది ఎంతో నయం.

"తీసుకెళ్ళండి" అన్నాను, "ఇంకా సగం కూడా కాలేదు."