కాశీరాం పీకేసిన కాయిల్

మిర్యాలగూడ రైసుమిల్లుల్లో మోటారు కాలిందంటే ముందు కాశీరాంకే కబురొచ్చేది. ఆ సంగతి ఎవరడిగినా, అడగకపోయినా ఆయనే చెప్పేవాడు.

"మాడుగులపల్లి పక్క తండాలో పుట్టినోణ్ణి. చదివింది ఏడో తరగతి. యాభై హెచ్‌పీ మోటారు ఈ తాలూకాల తిరగజుట్టిన మొదటి చెయ్యి ఇదే. అరవై దాటినంక పరీక్ష రాసి ఫోను లేకుండ గాలిల మాట్లాడే హామ్ రేడియో లైసెన్సు తెచ్చిన. ఇగ నాకెవలేం నేర్పుతరు?"

సూర్యాపేటలో కృష్ణమూర్తి సారుకూ ఆ లైసెన్సే ఉంది. ఆయన రిటైరైన సైన్సు పంతులు. కిందటేడు వరదకు ఫోన్లు మూగబోతే, కోదాడలో ఉన్న బిడ్డ ప్రత్యూష ఎట్లుందో తెలియక ఆ ముసలాయన అన్నం ముట్టలేదు. తర్వాత బిడ్డ చేత కూడా పరీక్ష రాయించి, ఇద్దరికీ రేడియోలు కొన్నాడు. విశాఖపట్నంలో పాత ఓడల సామాను అమ్మేచోట మనిషెత్తు తెల్లటి యాంటెనా దొరికింది. ఓడలవాళ్ల తరంగం కన్నా హామ్‌వాళ్లది కాస్త పొడుగు. లోపలి తీగను నాలుగు వేళ్లంత పెంచాలి. వానలు ముదరకముందే కావాలని చెప్పి కాశీరాంకు ఇచ్చాడు.

కాశీరాం గొట్టం విప్పి, తీగకు ముక్క అతికి, తీగలు కలిస్తే కూసే మీటరు పెట్టాడు. అది కుయ్యిమంది. కేబుల్ నడిమి తీగ, దాని చుట్టూ ఉండే జాలీ రెండూ ఒక్కటైపోయి ఉన్నాయి. మోటారు చుట్టేవాడికి ఆ కూత చావుకబురే, తీగ బాడీకి తగిలి షార్టయినట్టే. చూస్తే అడుగున రెండింటినీ కలుపుతూ చిన్న కాయిల్.

"బాడీ షార్టు. సారుకు పాడైంది అంటగట్టిన్రు," అన్నాడు.

"జర సారును అడుగరాదయ్యా," అంది భార్య జమ్లీ.

"సారుది పుస్తకం. నాది చెయ్యి," అని కాయిల్ కోసి, పాత రాగిలో పడేశాడు. ఆ వారమే రాగి మొత్తం కరిగించేటోళ్లకు పోయింది.

సూర్యాపేటలో సారు మేడ మీద కాశీరాం యాంటెనా నిలబెట్టాడు. సారు రేడియో బటన్ నొక్కగానే పవరు మీటరు ముల్లు పోయి చివరికి కొట్టుకుంది. పంపిన పవరంతా వెనక్కే వస్తోంది. సారు గొట్టం విప్పించి అడుగున చూశాడు.

"ఇక్కడ కాయిల్ ఉండాలె గదా?"

"షార్టు సారూ. తీసేసిన."

సారు మెట్టు మీద కూలబడ్డాడు. "అది షార్టు కాదయ్యా. మీటరు బ్యాటరీకి అట్ల కనిపిస్తది గానీ రేడియో తరంగానికి కాదు. తీగకూ రేడియోకూ పొత్తు కుదిర్చేదే అది. ఎన్ని చుట్లున్నయి?"

పాత చుట్టు కోసేముందు లెక్కపెట్టుకోవాలి. పనిలో చేరిన ప్రతివాడికీ తొలిరోజు కాశీరాం చెప్పే మాట అదే. లెక్క మరిచినవాణ్ణి పనిలోంచి తీసేశాడు కూడా.

"లెక్కవెట్టలే సారూ."

"నువ్వా?"

సారు కోపంతో అనలేదు. నమ్మలేక అన్నాడు. కాశీరాంకూ నమ్మబుద్ధి కాలేదు. ఎవరో తన చేతులు అడుక్కుపోయి ఆ పని చేసి తిరిగిచ్చినట్టుంది.

సంచిలోంచి రాగితీగ తీశాడు. "ఎక్కువనే చుట్టి, ఒక్కోటి విప్పుకుంట ముల్లు చూద్దామా సారూ?"

"చూద్దాం పట్టు."

చుట్టాడు, విప్పాడు, అతికాడు. ముల్లు మొరాయించింది. పొద్దు వాలుతుండగా సున్నాకు దిగింది.

సారు మైకులో కోదాడలోని బిడ్డను పిలిచాడు. మళ్లీ పిలిచాడు. గరగర నడుమ, "నాన్నా, బాగా వినిపిస్తోంది. యాంటెనా ఎవరు చేశారు?" అంది ప్రత్యూష.

సారు మైకు కాశీరాం చేతికిచ్చాడు. తండా, మోటార్లు, పరీక్ష అన్నీ గుక్కతిప్పుకోకుండా చెప్పే మనిషి బటన్ నొక్కి, ఏమీ అనకుండానే వదిలేశాడు.

"గాలి చప్పుడే వస్తోంది నాన్నా. మళ్లీ చెప్పండి."

కాశీరాం ఇంకోసారి నొక్కాడు. "ఖరాబు జేసింది నేనే బిడ్డా. మళ్ల చుట్టింది గూడ నేనే."