యేసయ్యను పెదనాన్న అడగాలనుకున్నది

కాఫీ పళ్ళు ఎర్రబడుతున్న రోజులు. పాడేరులో నేను పనిచేసే బాలికల ఆశ్రమ పాఠశాలలో నాలుగో తరగతి పిల్లలకు గుణకారం చెబుతున్నాను. మా వదిన ఫోన్ చేసింది. బడి వేళల్లో ఆమె ఎప్పుడూ చేయదు. వరండాలోకి వచ్చి ఎత్తాను.

"మీ పెదనాన్న ఎల్లిపోనాడమ్మా," అంది. "అంబలి తాగాడు. ఎండలో కూకున్నాడు. నేను గిన్నె కడిగి వచ్చీసరికి తల గోడకి ఆనించీసి ఉన్నాడు. నిద్దరోతన్నాడనుకున్నాను."

తిరిగి తరగతిలోకి వెళ్ళి, సగంలో ఆపిన లెక్క బోర్డు మీద పూర్తి చేసి, అప్పుడు హెడ్ మిస్ట్రెస్ గారి గదికి వెళ్ళాను. ఆ లెక్క ఎందుకు పూర్తి చేశానో నాకు ఇప్పటికీ తెలియదు. ఏడుపు మాత్రం జీపు ఎక్కాక వచ్చింది.

మా నాన్న నాకు ఊహ తెలియకముందే జ్వరంతో పోయాడు. అన్నయ్యనూ నన్నూ పెంచింది ఈ పెదనాన్నే. డుంబ్రిగుడకు ఎగువన, కొండ మీద మా ఊరు. మొన్నమొన్నటి దాకా దానికి రోడ్డు లేదు. ఎవరికి సుస్తీ చేసినా, ఏ ఆడమనిషికి నొప్పులు వచ్చినా డోలీయే గతి. వెదురుకర్రకు దుప్పటిని ఉయ్యాలలా కట్టి, అందులో మనిషిని పడుకోబెట్టి, చెరో కొసా భుజాన వేసుకుని జీపు దొరికే చోటుకు దిగాలి. మధ్యలో గెడ్డ, అంటే కొండవాగు, దాటాలి. దిగేటప్పుడు బరువంతా ముందువాడి మీద పడుతుంది. పెదనాన్న ఎప్పుడూ ముందు కొసే పట్టేవాడు. ఆయన కుడి భుజం మీద చర్మం కాయ కాచి, తాకితే చెక్కలా ఉండేది.

డోలీ ఎత్తింది మొదలు దించేదాకా ఆయన నోరు ఆగేది కాదు. ఎవరి చేలో అడవిపందులు పడ్డాయో, ఎవరి కోడి ఎవరింట్లో గుడ్డు పెట్టిందో, అన్నీ చెప్పేవాడు. మధ్యమధ్యలో ప్రశ్నలు వేసి జవాబు రాబట్టేవాడు. "మనిషి మాటాడతన్నంతసేపు ఎక్కడికీ పోడు," అనేవాడు. ఇంట్లో మాత్రం మితభాషి. అన్నం ముందు ఆయన చేసే ప్రార్థన ఎంత చిన్నదంటే, మేము కళ్ళు మూసుకునే లోపు ఆయన ముద్ద కలిపేసేవాడు. ఇదేం ప్రార్థన అని వదిన నవ్వితే, "ఆకలేసినోడి సంగతి యేసయ్యకి తెల్దేటి?" అనేవాడు.

ఆయనకు పిల్లలు లేరు. పెద్దమ్మ ఎలా పోయిందో ఊళ్ళో అందరికీ తెలుసు, కానీ ఎవరూ మా దగ్గర ఆ మాట ఎత్తేవారు కారు. నేను పదో తరగతి పరీక్షలు రాసి వచ్చిన వేసవిలో, ఇద్దరం మిరియాల తీగలకు కట్లు కడుతుండగా ఆయనే చెప్పాడు.

తొలి కాన్పు. వానాకాలం. పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. డోలీ కట్టి దిగితే గెడ్డ పొంగి ఉంది. నీరు తగ్గుతుందని ఒడ్డున చెట్టు కింద దించారు. తగ్గలేదు. మధ్యాహ్నానికి పెద్దమ్మ అక్కడే పోయింది, కడుపులో బిడ్డతో సహా.

ఆ తరువాత ఆరేళ్ళు పెదనాన్న ప్రార్థన మందిరం గడప తొక్కలేదు. ఆదివారం పాటలు వినబడితే దూరంగా ఉన్న చేనుకు వెళ్ళిపోయేవాడు. డోలీ మాత్రం ఒక్కసారి కూడా మానలేదు.

"దేవుడి మీద కోపమొచ్చిందా పెదనాన్నా?" అని అడిగాను.

"కోపమో ఏటో. యేసయ్య అగుపడితే ఒక్క మాట అడగాలనుకున్నాను. నీళ్ళ మీద నడిసినోడివి కదా నువ్వు, ఆ పూట మా గెడ్డకి ఎందుకు రాలేదు, అనీసి."

నేను కట్టు కట్టడం ఆపేశాను. ఆయన ఆపలేదు. కడుతూనే మిగతాది చెప్పాడు.

ఆరో ఏడు ఎండాకాలంలో, మా ఊరి ముసలమ్మ ఒకామెకు ఆయాసం ఎక్కువైంది. సంఘంలో అందరికంటే పెద్దది. ఇక తిరిగి రానని ఆమెకు గట్టి నమ్మకం. డోలీలో పడుకోబెట్టి దిగుతున్నారు. పెదనాన్న అలవాటుగా పందుల సంగతి ఎత్తుకున్నాడు.

"ఆ పందుల గోల నాకెందుకురా?" అని కసిరిందట ముసలమ్మ. "నాను యేసయ్య కాడికి ఎల్తన్నాను. ఎదురుపడితే ఏటనాలో అది సెప్పు. నాకు సదువా పాడా? ఆయన ముందర నోరు పెగుల్తాదా?"

ఆరేళ్ళుగా పెదనాన్న యేసయ్యతో మాట్లాడటమే మానేశాడు. నోరు మూసుకుని గెడ్డ దాకా దిగాడు. ఆ రోజు నీళ్ళు చీలమండ దాకానే ఉన్నాయి. ఒడ్డున అదే చెట్టు. ముసలమ్మ డోలీలోంచి మళ్ళీ అడిగింది, ఈసారి భయంగా.

"ఏటీ అనక్కర్లేదే అమ్మా," అన్నాడు పెదనాన్న. "ఆయనే ముందు పేరెట్టి పిలుత్తాడు. నువ్వు పలికితే సాలు."

ఇది చెబుతూ పెదనాన్న మొదటిసారి నా వైపు చూశాడు. "ఆ మాట నా నోటికి ఎలాగొచ్చిందో తెల్దే గుంటా. ముసల్దానికి ధైర్యం సెప్పాలని అన్నాను. అన్నాక నా సెవులూ ఇన్నాయి కదా. మరైతే మీ పెద్దమ్మనీ అలాగే పేరెట్టి పిలిసుంటాడు. అక్కడే, ఆ సెట్టు కిందే. అది పలికుంటాది. గెడ్డకి రాలేనోడు కాదన్నమాట. వచ్చాడు, నాను సూడలేదు అంతే. అలాగనిపించింది. ఏడుత్తానే దాటీశాను."

ఆ ముసలమ్మ చావలేదు. ఆసుపత్రిలో కోలుకుని, మరి నాలుగేళ్ళు బతికింది. పెదనాన్న కనబడినప్పుడల్లా, "ఈడు నాకు పరలోకమంతా సెప్పి ఆశపెట్టీసి, తీసుకెల్లి ఆసుపత్రిలో పడీశాడు!" అని ఊరందరికీ వినబడేలా తిట్టేదట. ఆమె కోలుకుని వచ్చిన ఆదివారమే పెదనాన్న మందిరంలో అడుగుపెట్టాడు. వెనక, తలుపు పక్కన కూర్చున్నాడు. నిన్నమొన్నటి దాకా ఆయన కూర్చున్నది అక్కడే.

నా సంగతి వేరు. పాడేరు వచ్చాక నేను మందిరానికి వెళ్ళడం హాజరు వేయించుకోవడం లాంటిదైపోయింది. పెదనాన్నకు అది తెలుసు. ఎప్పుడూ ఏమీ అనలేదు.

ఈ వానాకాలంలో ఆయన కాళ్ళు వాచాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. విశాఖపట్నం తీసుకెళ్ళాను. గుండె బాగా నీరసించిందని, మాత్రలు వాడుతూ ఉప్పు తగ్గించడం తప్ప చేయగలిగింది తక్కువని డాక్టరు గారు చెప్పారు. ఇంకొన్నాళ్ళు అక్కడే ఉంచుదామని నేను, ఇంటికి పోదామని ఆయన. బెంచీ మీద కూర్చుని వాదించుకున్నాం.

"నీకు బతకాలని లేదా పెదనాన్నా?" అని గట్టిగానే అడిగేశాను. చుట్టుపక్కల వాళ్ళు తిరిగి చూశారు.

"ఎందుకు లేదే గుంటా? సోళ్ళు కోతకొచ్చీసాయి. నీ పెళ్ళి సూడాలి. బతకాలనే ఉంది. ఎల్లాలనీ ఉంది. నీకు పాడేరులో ఉంటే ఇల్లు గుర్తొత్తాది, ఇంటికొత్తే బడిపిల్లలు గుర్తొత్తారు కాదేటి? అలాగే ఇదీను."

కోపం పోయింది నాకు. మెల్లగా అడిగాను. "ఆయన్ని చూస్తే ఆ మాట ఇప్పుడూ అడుగుతావా?"

ఆలోచించాడు. "అడుగుతాను కాబోలు. మొకం సూశాక గుర్తుంటాదో లేదో మరి." తరువాత ఆయన కళ్ళు నవ్వాయి. "అయినా మీ పెద్దమ్మ ఈపాటికే అడిగీసుంటాది. అది ఊరుకునే మనిషి కాదు."

మరుసటి రోజు ఇంటికి తీసుకొచ్చాను. ఆ తరువాత ఆయన రెండు నెలలు ఉన్నాడు.

సమాధి సిల్వర్ ఓక్ చెట్ల కింద, పెద్దమ్మ సమాధి పక్కన. పాస్టరు గారు క్లుప్తంగా మాట్లాడారు. అందరూ పాడారు. నేను పిడికెడు మట్టి వేస్తూ పెదనాన్నను ఎవరో పేరు పెట్టి పిలుస్తున్నట్టు ఊహించుకున్నాను. అది ఊహేనని అనుకోవడానికి ఆ క్షణంలో నాకు మనసు రాలేదు.

జనం కదులుతుండగా ఒక ముసలాయన కర్ర ఊతంగా ఎక్కి వచ్చాడు. పక్క ఊరాయన. చాలా ఏళ్ళు పెదనాన్నతో కలిసి డోలీ మోసినవాడు. మందిరంలోకి ఎప్పుడూ రాలేదు. ఆయనకు ఆయన కొండదేవతలున్నారు. తువ్వాలు మూటలో కొత్త సామలు తెచ్చాడు.

"ఈ గింజలు ఇక్కడ పెట్టొచ్చా బాబూ?" అని పాస్టరు గారిని అడిగాడు.

పాస్టరు గారు పక్కకు జరిగి చోటిచ్చారు. ముసలాయన గింజలు సమాధి మీద పోసి, గొంతుక్కూర్చుని, ఎదురుగా మనిషి ఉన్నట్టే మాట్లాడాడు. "నువ్వు సెప్తా ఉండేవోడివి కదా, ఆ యేసయ్య. అగుపడితే నా గురించి కూడా ఓ మాట సెప్పు. నాకు ఆయన కాడ తెలిసినోలు ఇంకెవులున్నారు?"

పాస్టరు గారు చెప్పులు విప్పి ఆయన పక్కనే మట్టిలో కూర్చున్నారు. మేము సగం దూరం దిగి వెనక్కి చూస్తే ఇద్దరూ ఇంకా అలాగే ఉన్నారు, భుజాలు తగిలీ తగలక. వాళ్ళు కదలకపోవడంతో పిట్టలు ఒకటొకటిగా వాలి, ఎర్రమట్టి మీద సామలు ఏరుకుంటున్నాయి.